సిక్కిం బండి

డిసెంబరు ఇరవై దాటిందంటే
రైల్వేస్టేషను ఎదురుగా మా స్టాండులో
సైడు స్టాండు వేసేదానిక్కూడా చోటుండదు.
పగలంతా నాకు నంబర్లతోనే పని.
సగం చీటీ చేతికి, సగం హ్యాండిలుకు.
సరదా కూడా నంబర్లే అంటే
ఇడ్లీ బండి మునిలక్ష్మి నవ్వుతాది.
"బెల్లం అంగట్లో జీతానికుండేవోడు
ఇంటికి పోయి బెల్లం నాకినట్టుండాది
నీ యవ్వారం."

ఆమె మాత్రం తక్కువా?
ఒక వాయి ఉడికేలోపల
ఊలు తీసి ఒళ్లో పెట్టుకుంటాది.
ఒకటే ఉండ, ముదురాకు పచ్చ.
గుండు కొట్టించుకోని కొండ దిగినోళ్లు
గంధం ఆరని తలల మీద
చేతులడ్డం పెట్టుకోని వణకతా వస్తే
వాళ్ల తలకాయలు కంటితోనే కొలుస్తాది.
టోపీ ముక్కాలు అయినాక
ఏదో కుట్టు నచ్చదు. సర్రున లాగేస్తాది.
నాలుగు చలికాలాలుగా అదే ఊలు,
ఇంతవరకూ ఏ తలకూ ఎక్కలేదు.

నా నోటుబుక్కులో రాష్ట్రానికో పేజీ.
తమిళనాడుకు నాలుగు పేజీలు చాలక మానేసినాను.
కర్ణాటకను చూడనట్టే ఉంటాను.
నాగాలాండ్ పేజీ కొట్టేసినాను,
లారీలన్నీ ఆడే పుట్టినట్టు రాసుకుంటాయి,
డ్రైవర్ని కదిలిస్తే నామక్కల్ అంటాడు.
మిజోరం ఒకసారి దొరికింది, అలిపిరి కాడ, వానలో.
ఆ పేజీలో సిరా చెదిరి ఉంటాది,
చెరపాలనిపించలేదు.
సిక్కిం పేజీ మాత్రం
పేరు రాసి గీత కొట్టి
ఆరేళ్లుగా అట్లే ఉండాది.

ఒకటే నియమం.
సొంత కళ్లతో చూస్తేనే రాయాల.
ఫోటో చెల్లదు, చెప్పుడు మాట చెల్లదు.

క్రిస్మస్ సెలవులిచ్చినాక
జోయెల్ వచ్చి నా స్టూలు పంచుకుంటాడు.
ఆరో తరగతి. వేళ్లకింకా
నక్షత్రం అతికించిన బంక.
నంబరు కంటే ముందు బురద చూస్తాడు వాడు.
"ఎర్ర బురద మనదే అన్నా,
ఇది నల్లది, దూరం బండి."

ఆ పొద్దు ఇంకా తెల్లారలేదు.
మంచులో కొండ కనపడ్లేదు,
ఘాటురోడ్డు లైట్లు మాత్రం
దేనికీ కట్టకుండా గాల్లో వేలాడతా ఉన్నాయి.
మద్రాసు రైలు దిగిన జనం మీద పడినారు.
ఐదు వందల నోటొకటి, చిల్లర లేదు,
జేబులు తడుముకుంటా వంగినాను.

"అన్నా! ఎస్‌కే!"

లేచేసరికి రోడ్డు మీద
పాలవ్యాను, రెండు ఆటోలు,
ఒక కుక్క.

ఒట్టన్నాడు. ఏసయ్య మీద ఒట్టన్నాడు.
పెద్ద బైకంట, రెండు పక్కలా పెట్టెలంట,
వెనకాల రంగురంగుల గుడ్డ జెండాలంట,
లీలామహల్ వైపు పోయిందంట.
నోటుబుక్కు నా చంకలో ఉండాది.
వాడు నా ముఖంకల్లా చూడలేదు,
చంకలోకే చూస్తా నిలబడినాడు.

నియమం పెట్టింది నేనే.
అడిగేవోడు ఎవుడూ లేడు.
అయినా ఒక చిల్లర లెక్క తప్పినట్టు
గొంతులో ఏదో అడ్డం పడింది.
ఐదు వందలాయన ఇంకా చెయ్యి చాపే ఉన్నాడు.

పెన్ను మూత తీసి వాడికిచ్చినాను.
"నువ్వు చూసినావు, నువ్వే రాయి."
బంక వేళ్లతో, మార్జిను దాటించి,
నేను ఆరేళ్లు కాపాడిన తెల్లదనం మీద
ఇంతింత అక్షరాలు.
కింద మళ్లీ, అడక్కుండానే:
చూసినోడు, జోయెల్, ఆరు, బి సెక్షన్.

అప్పట్నుంచి నేను చీటీలు చింపతా
ఒక కన్ను రోడ్డు మీదే ఉంచినాను.
కొండకు పోయినోడు
దిగి రాకుండా యాడికి పోతాడు?
"వాడు కాళహస్తి మీద పోయుంటాడులే,"
మునిలక్ష్మి ఊలు లాగతా అంటాది,
"ఇడ్లీ చల్లారిపోతా ఉండాది. తిను."