మెరుపు మీద గీత

ఫ్లాష్ ఎక్కడ కొట్టకూడదో
మిర్చి యార్డులో నాకు దగ్గు చెప్పింది.

అరవై రెండు మంది ఆడవాళ్ళు.
గుర్తింపు కార్డులకి తలా ఒక ఫొటో,
ఫొటోకి పన్నెండు రూపాయలు, ముఖం నిండుగా రావాలి
అన్నాడు కమీషన్ కొట్టు గుమస్తా పూర్ణచంద్రరావు
ముక్కుకి తువ్వాలు చుట్టుకుని.

రేకుల షెడ్డు. మధ్యాహ్నం మూడింటికే మునిమాపు.
టిక్కీల వరసల మధ్య ఒక్కటే బల్బు.
తొడిమలు తుంచే చేతులు తప్ప
ఏదీ కదలటం లేదు.

తొందరలో ఆటోలో పెట్టా,
చీకటి చూస్తే అదే మెరుస్తుంది కదా అని.
మెరిసింది.
తెర మీద చూస్తే నాగూర్బీ లేదు,
నక్షత్రాలున్నాయి.
గాల్లో తేలే కారం, నలుసు నలుసూ
వెలుగు పట్టుకుని తెల్లటి చుక్కై నిలబడింది.
ఆ చుక్కల వెనకాల ఎక్కడో
ఒక ముక్కుపుడక, సున్నం కొట్టినట్టు ఒక నుదురు,
రెండు ఎర్రటి కళ్ళు.
ఆమె రోజూ పీల్చేది కంటికి ఆనదు.
మిషనుకి ఆనింది.

ఎర్రకళ్ళకి మందు నా దగ్గరుంది:
మెరుపు పక్కన కన్ను బొమ్మ.
అది పెడితే ముందు నాలుగుసార్లు మిణుకుమని
ఆ తరవాత అసలు మెరుపు.
మొదటి మిణుకుకే అయిపోయిందనుకుని
వీరంకమ్మ లేచి కొంగు దులుపుకుంది,
ఫొటోలో దులుపుతున్న కొంగే పడింది.
రెండోసారి నవ్వు. మూడోసారి తుమ్ము.
షెడ్డంతా నవ్వింది,
ఆ నవ్వూ కాసేపటికి దగ్గులోకి తిరిగింది.

మళ్ళీ నాగూర్బీని కూర్చోబెట్టి తీశా. పెద్దది చేసి చూశా.
కంటిపాపలో ఎరుపు పోయింది,
అది నా మెరుపు పెట్టిన ఎరుపు.
తెల్లగుడ్డులో ఎరుపు అట్టాగే ఉంది.

"నీ మిషను తప్పేం లేదులే అబ్బయా,"
తుంచుతూనే అంది నాగూర్బీ,
"కోతలు మొదలైన కాణ్ణించీ ఇంతే.
వానలు పడితే వాటంతటవే తెల్లబడతయ్."

ఇంక ఒకటే మిగిలింది,
మెరుపు మీద గీత కొట్టిన బొమ్మ.
అప్పుడు కెమెరా కన్ను తెరుచుకుని
ఉన్న వెలుతురు వచ్చిందాకా ఆగుతుంది.
అంతసేపూ ఎవరూ కదలకూడదు, ముందు నేను.
తేజ కాయల టిక్కీ మీద మోచేతులు ఆనించి
ఊపిరి బిగబట్టమన్నా.
"పీల్చమంటే కష్టం గానీ
బిగబట్టడం ఎంతసేపు!" అన్నారెవరో.

వచ్చింది.
ముడతలు ముడతలుగా, నీడలు నీడలుగా నాగూర్బీ.
ముఖం నిలకడగా ఉంది.
చేతులే లేవు, మణికట్టు కింద ఎర్రటి పొగ.
కదలొద్దంటే ముఖానికనుకుంది.
చేతులకి కూడా అని నేను చెప్పలా.

గుమస్తా ఒప్పుకోలేదు.
నీడలు పనికిరావు, బయట గోడకి తెల్లగుడ్డ కట్టి తియ్యమన్నాడు.
తీశా. మండుటెండలో,
కొంగు నీడ ముఖాల మీద పడుతుంటే
కావాలని ఫ్లాష్ కొట్టి మరీ తీశా.
సూర్యుడికి దీపం పెడుతున్నాడే అని నవ్వుకున్నారు.
అరవై రెండు ముఖాలు, చదునుగా, అప్పడాల్లా.
డబ్బులు అక్కడికక్కడే ఇచ్చారు.

బండి తీస్తుంటే వచ్చింది నాగూర్బీ.
"నాకొకటి వేరే ఇవ్వు, పెద్దది.
ఇంట్లో పెట్టుకోడానికి. కళ్ళు తెల్లగా చేసి.
ఎంతైతే అంత ఇస్తా."

లాలాపేట గదిలో, రాత్రి, కంప్యూటర్ ముందు
షెడ్డులో తీసినదాన్నే తెరిచి
ఎరుపు తుడవడం మొదలుపెట్టా.
ఒక కంట్లో తుడిచా.
రెండో కంటికొచ్చేసరికి నిద్రొచ్చి
చెయ్యి మరిచిపోయి
నా కన్ను నులుముకున్నా.

బిందెలో నీళ్ళన్నీ అయిపోయినయ్.
ఒక కన్ను తెల్లగా, ఒక కన్ను ఎర్రగా
తెల్లారిందాకా తెర మీద అట్టాగే ఉంది.

వారం తరవాత బ్రాడీపేటలో పెళ్ళి.
కెమెరాకి కన్ను ఆనించగానే మళ్ళీ భగ్గుమంది,
ఏ సందులో దాగుందో ఇంకా.
పెళ్ళికొడుకు మేనత్త దగ్గరకొచ్చి తేరిపార చూసి
"ఏమయ్యా, నువ్వు పిల్ల తరఫు వాడివా,
అంతలా ఏడుస్తున్నావ్?" అంది.

అవునన్నా.