ఎక్కినట్టేనా?

జట్టులో నా పని స్క్రూలు బిగించడం కాదు,
రూల్సు పుస్తకం చదవడం.
అరవై రెండు పేజీలు, జిరాక్సు మసి,
పద్నాలుగో పేజీ మీద
మద్దిలేటి పెట్టిన టీ గ్లాసు గుండ్రం.

ఆ గుండ్రం లోపలే ఉంది మా ప్రాణం:
"గంట మోగేసరికి యంత్రం నేలను తాకరాదు.
దాని బరువంతా గడే మోయాలి."

మొదటి వాక్యాన్ని నమ్మాలా, రెండోదాన్నా?
నిద్దరపట్టక నిర్వాహకులకు రాసినాను:
తాకడమంటే ఏంది సార్?
జవాబొచ్చింది: "ఎక్కడం నిర్వచనం చూడుడు."
చూస్తిని.
"ఎక్కిన యంత్రం అనగా ఎక్కడం ముగించిన యంత్రం."

మన మాటల్లో ఎక్కనిదేముంది?
బస్సెక్కుతాం, కోర్టుకెక్కుతాం,
చెప్పింది తలకెక్కలేదని దెబ్బలు తింటాం,
పదమూడో ఎక్కం దగ్గర నేనింకా జారతానే ఉంటా.
ఎక్కడా
నేలకూ కాలికీ మధ్య సందెంతని
ఎవరూ కాగితం పెట్టి చూడలేదు.

కర్నూలు, సి.క్యాంపు వెనక కాలేజీ హాలు.
ఫిబ్రవరికే రేకుల కింద ఉడుకు.
మా యంత్రం పేరు ఉడుము:
పాత అంబాసిడర్ వైపరు మోటర్లు రెండు,
షమీమ్ వాళ్ళ నాయన కుట్టుమిషను బెల్టు,
అంతా కలిపి పదకొండు కిలోలు.
చివరి పన్నెండు సెకన్లలో గడను కరుచుకుంది,
గీమంటూ పైకి పోయింది,
గంటకు ముందే ఆగింది.
హాలంతా ఈలలు.

నేను ఈల వేయలేదు.
కడుపు కింద కేబుల్ టై తోక,
కత్తిరించడం మరిచిన నాలుగంగుళాల నల్ల తోక,
చాపను ముట్టుకుంటోంది.
ముట్టుకుంటోందా?

మునీరా మేడం మోకాళ్ళ మీద వంగి
గులాబీ రంగు హాజరు చీటీ కిందికి తోసింది.
చీటీ జరిగింది.
తోకా జరిగింది.

"తాకింది" అన్నారు ఆదోని జట్టు.
మద్దిలేటి లేచినాడు:
"మా నాయన కరెంటు స్తంభమెక్కితే
తాడు కొస నేలమీదే పడుంటాది మేడం.
అట్లైతే ఆయప్ప ఇంగా కిందనే ఉన్నట్టా?"
మేడం నవ్వలేదు. రాసుకుంది.

నేను రెండో వాక్యం మీద వేలు పెట్టినాను.
ఆదోని అమ్మాయి మొదటిదాని మీద పెట్టింది.
ఆ పిల్ల గోటికిందా
నా గోటికింద ఉన్న మసే.

ఇరవై పాయింట్లు పోయినాయి.

అప్పుడు గుర్తొచ్చింది అందరికీ,
ఉడుమింకా పైనే ఉందని.
స్విచ్చి ఆపి పదకొండు నిమిషాలు,
వెంట్రుకవాసి జారలేదు.
దించబోతే గేరు బిగుసుకుంది.
మద్దిలేటి కిందనుంచి చంటిబిడ్డను పట్టినట్టు పట్టి
"వదల్దే, సామీ" అంటుండాడు.
ఆదోని పిల్ల స్టూలు తెచ్చింది.

నేను పుస్తకం మొదటినుంచి తిరగేస్తిని.
అరవై రెండు పేజీల్లో
దిగడం గురించి ఒక్క ముక్క లేదు.