నేలకిచ్చిన బొంత

మ్యూజియం నుంచి వచ్చినతను
అకైతి పెద్దమ్మని అడిగాడు:
మీ ఇంట్లో అన్నిటికన్నా పాత తివైవై ఏది, చూడొచ్చా?

ఆమె సూది పళ్ళ మధ్య పెట్టుకుని
గడ్డంతో పెరటివైపు చూపించింది.
సున్నం కొట్టిన మూడు సమాధులు,
ఒకదాని మీద కోడి.

మా అతియు దీవిలో ఇంతే.
మంచి బొంత పెళ్ళికి పోతుంది, లేదా మట్టిలోకి.
ఇంట్లో మిగిలేవి పిల్లలు పక్క తడిపినవి.

ఉపోకొయినా ముత్తవ్వది ఎర్రమందారాల బొంత.
గుడ్డని ఎనిమిది మడతలు పెట్టి
గీతైనా గీయకుండా, ఊపిరి బిగబట్టి
పువ్వంతా కత్తెరతోనే దించేదట.
నేను చూసింది అంచు కుట్టడమే:
చాప చుట్టూ ఏడుగురు ఆడవాళ్ళు,
సూదుల్లో దారం ఎక్కించే పని నాది.
ఎవరి మొగుడు తాగొచ్చాడో, ఎవరికి నెల తప్పిందో
ఆ మందారాలకే ముందు తెలిసేది.

ఒక ఆకు దగ్గర నేనూ కుట్టాను,
నాలుగు కుట్లు, చీమకాళ్ళలా.
పెద్దమ్మ విప్పబోతే
ముత్తవ్వ చెయ్యి అడ్డం పెట్టింది:
"ఉండనీ. అక్కడ ఎవరైనా అడిగితే
ఇది మా ఇంటిదని ఏం చూపించను?"
అక్కడ అంటే ఆక్లాండ్ అనుకున్నాను.

ఆ వానల్లోనే ఆమెని అందులో చుట్టారు.
నా వంకర ఆకు
ఆమె ఎడమ చెవి పక్కకొచ్చింది,
ఎవరు సర్దారో.

అతనింకా నిలబడే ఉన్నాడు.
పెద్దమ్మ కొబ్బరికాయ కొట్టిచ్చి
కొత్త గుడ్డ మడత విప్పింది.
"చూడాలంటే కూర్చో.
ముందు ఈ సూదిలో దారం ఎక్కించు."