ఖర్చు కాని మాట

మా ఇంట్లో "దా" అన్న మాట ఎప్పుడో అరిగిపోయింది.
నీళ్ళు పోయడానికి దా, గొలుసుకి దా,
చెప్పు నమిలినావు, దా చెప్తాను నీ పని.
నాలుగు కుక్కలూ విని విని
దాన్ని కొబ్బరాకుల చప్పుడులో కలిపేసుకున్నాయి.

పీచు పెద్దది. బూడిద దాని కూతురు.
జీడి, పేరుకు తగ్గట్టే, అంటుకుంటే వదలదు.
డిప్ప మాత్రం తిత్లీ తుపాను మర్నాడు
కూలిన కొబ్బరి మొవ్వులో దొరికింది, దోసిట్లో పట్టేంత.
చినుకు పడితే ఇప్పటికీ మంచం కిందికి దూరుతుంది.

ఒకదాన్ని పిలిస్తే మూడొస్తాయి,
పిలిచింది తప్ప.
నాలుగింటినీ పిలిస్తే ఒకదాని మొహం ఒకటి చూసుకుంటాయి
గ్రామసభలో ముందు ఎవరు లేస్తారా అన్నట్టు.

"ఏటే, కుక్కలకి బడెట్టినావేటి?" అంటాడు ఢిల్లేసు.
"కర్ర సూపితే రావేటి?" అంటుంది అత్త దాలమ్మ.
వస్తాయి.
కర్ర కనిపించినంత మేరే వస్తాయి.

పోయిన చైత్రంలో, జీడిపళ్ళ వాసనకి ఎలుగు దిగిన రాత్రి
తవిటయ్యగారి నల్లకుక్క దాని మీదికి పోయింది.
ఆయన పిలుస్తూనే ఉన్నాడు, పేరు పెట్టి, తిట్టి, బతిమాలి.
మొరుగుడు ఆగిన చోటు
ఇప్పటికీ నేను దాటి నడుస్తాను.

అందుకని కొత్త మాట కావలసొచ్చింది.
కోపంలో ఎవరూ అననిది, ఇంట్లో ఖాళీగా పడున్నది.
మా పనస చెట్టు తుపానుకి పోయింది కదా,
ఆ పేరుతో ఎవరికీ పని లేదు.
పనస, అన్నాను.

ఒక్కోదానికి విడిగా. పెరటి తలుపు మూసి,
పొడుగాటి కొబ్బరి తాడు కట్టి, లాగకుండా.
పనస, ఒక ఎండు మెత్తల్లు.
పనస, ఇంకొకటి.
ఒక్కసారే అనాలి.
రెండోసారి అన్నానంటే మొదటిది అబద్ధమైపోతుంది.

రెండేసి కలిపేసరికి మళ్ళీ మొదటికొచ్చింది.
బూడిద నోట్లోది జీడి లాక్కుంది, చెవి చిరిగింది.
పెరటికి నాలుగు మూలలా నాలుగు గోనెసంచులు పరిచాను,
ఎవరి గోనె మీద వాళ్ళకి.
దీనికే పట్టింది నెలన్నర.

ఇంతలో మందస నుంచి పళ్ళ ఆటో, మైకు పెట్టుకుని,
"పనసా, పనస! తియ్యటి పనస!"
నాలుగూ వీధిలోకి ఒక్క ఉదుటన పోయి
ఆటో ముందు వరసగా కూర్చున్నాయి.
ఆ కుర్రాడు సీటు మీదికెక్కి దండం పెట్టేశాడు.
మెత్తళ్ళ డబ్బా పట్టుకుని పరిగెత్తాను నేను.
మాట ఎవరన్నా మాటే కదా,
బాకీ నాది.

తర్వాత పదో రోజు సాయంత్రం. కరెంటు లేదు.
తోట గట్టు మీద మట్టిదిబ్బ అనుకున్నది
లేచి నిలబడింది.
నాలుగూ దూసుకుపోయాయి.
అరిస్తే అది వేరే మాటైపోతుంది.
పెరట్లో ఎలా అన్నానో అలాగే అనాలి
గొంతులో తడి లేకపోయినా.

"పనస."

పీచు తిరిగింది. దాన్ని చూసి బూడిద.
జీడి వెనక్కి నడుస్తూ, మొరుగుతూ, నడుస్తూ.
డిప్ప ఆగింది.
అటు చూసింది. ఇటు చూసింది.
కొంగు పళ్ళ మధ్య కుక్కుకున్నాను
రెండోది బయటికి రాకుండా.

ఎంతసేపో తెలీదు. పదంకెలు లెక్కెట్టానంటుంది అత్త,
అసలాగనే లేదంటాడు ఢిల్లేసు.

వచ్చింది.
ఎందుకింత ఆలస్యమని అడగలేదు.
దాని గోనె మీద కూర్చోబెట్టి డబ్బా వంచాను,
చేతులు వణికి సగం మట్టిలో పోశాను.
మిగతా మూడూ ఎవరి గోనె మీద అవి,
కదల్లేదు, చొంగ మాత్రం కారుస్తూ.

చీకట్లో లోపల్నించి అత్త గొంతు,
"అన్నీ దానికే ఎట్టీసినావేటి?
రేపు పులుసులోకేటీ లేదే."