బెత్తెడు

మా ఊరు దాటగానే పట్టాలు
బెత్తెడు ఇరుకవుతాయి.
నాలుగు వేళ్ళు కలిపి చూడండి, అంతే తేడా.
తూర్పు బండ్లు కాళ్ళు ఎడంగా పెట్టి నడుస్తాయి,
పడమటివి కాస్త ఒద్దికగా.
ఆ నాలుగు వేళ్ళ సందులో
బ్రెస్త్ అనే ఊరు మూడు లక్షల మందితో కాపురముంది.

ముఖావెత్స్ మా వీధుల వెంబడి తొందరేమీ లేకుండా వచ్చి
పాత కోట దగ్గర బూగ్‌లో కలిసిపోతుంది.
బూగ్ అవతలి గట్టు పోలండ్.
మంచు కరిగి నీళ్ళు పొంగితే
ఏ దేశపు ఒండ్రు ఏ దేశపు గడ్డి మీద పడుకుందో
సరిహద్దు గుమాస్తాలకీ తెలియదు.
మిగతాదంతా చదును, చిత్తడి, నల్లబురద.
కొండ బొమ్మ వేయమంటే మా బడిపిల్లలు
జాబింకా చక్కెర మిల్లు ముందరి
బీటు దుంపల గుట్ట వేస్తారు.

నేను రిగోర్‌ని. రైలుపెట్టెల చక్రాలు మార్చే షెడ్డులో
ఇరవై ఆరేళ్ళు.
మాస్కో బండి అర్ధరాత్రి వచ్చేది.
పెట్టెకి పెట్టె విడదీసి, జాకీల మీద
మనిషెత్తు లేపేవాళ్ళం, జనం లోపలుండగానే.
కింద వెడల్పు చక్రాలు దొర్లిపోయేవి,
ఇరుకు చక్రాలు దొర్లుకుంటూ వచ్చేవి.
పైన ఎవరో గురక పెట్టేవారు.
ఓసారి ఒక పిల్లాడు కిటికీకి ముక్కు ఆనించి
నా టోపీ మీది చిరుగు చూశాడు.
ఈ చదును నేలలో అంత ఎత్తు నుంచి
నన్ను చూసినవాడు వాడొక్కడే.

మా మేస్త్రీ యాద్విగా. లేపబోయే ముందు
ఏదో ఒక పెట్టెలోకెక్కి, బల్ల మీద
గ్లాసులో అంచుదాకా టీ పోసి వచ్చేది.
దించాక వెళ్ళి చూసేది.
బల్ల తడిసిందా, ఆ రాత్రి మా పని అయిపోయినట్టే:
"బంగాళాదుంపల బస్తా అనుకున్నార్రా?"
తడవకపోతే ఏమీ అనేది కాదు,
ఆ చల్లారిన టీ తనే తాగేది.

మా ఆవిడ తయీసా మేజోళ్ళ మిల్లులో.
మేజోడుకి కుడీ ఎడమా లేదు,
తేడాల చాదస్తం నీకే, అంటుంది.
బావమరిది గ్యాస్ పొయ్యిల ఫ్యాక్టరీలో
రోజంతా పొయ్యిలు వెలిగించి ఆర్పుతాడు,
ఒక్కదాని మీదా ఏమీ వండకుండా.

రహదారి మీద లారీల వరస రోజుల తరబడి కదలదు.
కజక్ డ్రైవరొకడు చెప్పులీడ్చుకుంటూ మా కాలనీ దాకా వచ్చి
ఉల్లిపాయలు అడిగాడు. రెండిచ్చాం.
మర్నాడూ అక్కడే ఉన్నాడు,
ఈసారి ఖర్బూజా పట్టుకొచ్చాడు.

తర్వాత జనం బండ్లు ఆగిపోయాయి.
ఇప్పుడన్నీ కంటైనర్లే. క్రేను ఒక్క ఊపులో
ఈ పట్టాల మీంచి ఆ పట్టాల మీద పెడుతుంది.
గురక లేదు.
షెడ్డు బయట ఇరుకు చక్రాల వరస,
జతకీ జతకీ మధ్య గడ్డి.

పోయిన ఆదివారం యాద్విగాని చూడ్డానికెళ్ళాను.
ఐదో అంతస్తు, లిఫ్టు లేదు.
టీ అంచుదాకా పోసింది, అలవాటు.
తెచ్చేలోగా సగం పళ్ళెంలో ఉంది.
ఇద్దరం కాసేపు దాన్నే చూశాం.
"జాకీ పాతది," అంది.

ఆ కిటికీలోంచి యార్డు కనిపిస్తుంది.
పడమటికెళ్ళే గూడ్సు ఒకటి కదిలింది.
పెట్టెలు లెక్కపెట్టాం, మాట్లాడకుండా.
ఆమెకి నలభై ఒకటి వచ్చాయి, నాకు నలభై.
ఇద్దరం తగ్గలేదు.