ఐదు నిమిషాలు

గురువారం పొద్దు వాలినాక
పోతుకు పెట్టను చూపించాలి.
వారమంతా మధ్యన అడ్డం పెట్టిన చెక్క
ఇప్పుడు తీయాలి.
ఐదు నిమిషాలే.
అంతకు మించితే ఆశ తీరిపోతుంది,
తీరిన ఆశ తొందరగా ఎగరదు
అంటాడు బూ మిషారి, గడియారం చూస్తూ.

గొంతు ఉబ్బించుకుని మా నీలిపోతు తిరిగే తిరుగుడు చూడాల!
కొత్త పంచె కట్టిన పెండ్లికొడుకైనా అంత తిరగడు.
ఐదో నిమిషంలో దాన్ని పట్టేది నా చేతులే.
రేగ్గాయంత గుండె
నా వేళ్లను లోపల్నుంచి తడుతుంది.

జహ్రాలో మా క్లబ్బు ఒక రేకుల షెడ్డు.
అరిగిన సోఫాలు, దుమ్ము పట్టిన కప్పులు,
తెగని పలకరింపులు.
సెక్రటరీ షౌకీ మిస్రీ మనిషి,
కాలి రింగు నంబరు చదివే ముందర
కళ్లద్దాలు తుడుచుకుంటాడు.
ఆ నంబరు నాకు నోటికొచ్చు.
నా సివిల్ ఐడీ నంబరు అడిగితే మాత్రం
ఇప్పటికీ జేబు తడుముకుంటా.

బూ మిషారికీ బూ ఖలీఫాకీ
పదకొండేండ్లుగా మాటల్లేవు,
ఒక పావురం ఎవరిదనే పేచీ.
ఒకే సోఫాకు రెండు చివర్లలో కూర్చుంటారు.
"వానికి చెప్పు, ఆ నల్లదానికి దగ్గుంది" అంటాడు ఈయన.
"తన దగ్గు చూసుకోమని చెప్పు" అంటాడు ఆయన.
రెండు మాటలూ నా దగ్గరే ఆగిపోతాయి,
చాయ్ మాత్రం ఇద్దరికీ చేరుతుంది.

రాత్రికి లారీ పోయింది,
సాల్మీ సరిహద్దు దాటి, సౌదీలోకి.

రెడ్డెమ్మకు నెలకొక శుక్రవారం సెలవు.
మాలియా బస్టాపు కాడ కలుస్తాం,
ఒక బిర్యానీ, రెండు చెంచాలు.
ఈ నెల ఆ శుక్రవారం
పందెం మీద పడింది.
"పోనీలే, నీ పిట్టలు జాగ్రత్త" అని పెట్టేసింది ఫోను.
ఆ పోనీలే ఎంత బరువో
మా రాయచోటి మనుషులకే తెలుసు.

పొద్దున్నుంచి మిద్దె మీద,
డిష్ గిన్నెల మధ్యన నిలబడ్డా.
నైరుతిలో బరువుండాలంటారు మా తట్టు,
నా కండ్ల బరువంతా ఆ మూలనే పెట్టినా.
పదికి రావాల.
తొమ్మిదికే దుమ్ము లేచింది.
ఆకాశం నానబెట్టిన శనగపిండి.
పన్నెండుకు బూ మిషారి నమాజుకు దిగిపోయినాడు.

అప్పుడు పడింది ఒకటి,
వాలడం కాదు, పడడమే.
నల్లది. ఖలీఫాది.
నాలుగు వీధుల దూరం ఎగరలేక
మా నీళ్ల ట్యాంకు మీద నోరు తెరిచి కూర్చుంది.

పట్టి గంపలో వేస్తే ఎవరికీ తెలీదు.
తరిమితే చస్తుంది.
దోసిట్లో నీళ్లు పట్టినా.
ముక్కు దాకా ముంచి తాగింది, తల ఎత్తకుండా.
నా పక్క ఒకసారి చూసింది,
చూసిందనే అనుకుంటా.
పోయింది.

కప్పు ఖలీఫాకే.

రాత్రి సోఫా ఆ చివర నుంచి
"బైనాక్యులర్‌లో చూసినా" అన్నాడు ఆయన, నాకు మాత్రం వినబడేట్టు.
"నా పిట్టకు వాని మిద్దె నీళ్లిచ్చిందని వానికి చెప్పు."
ఇన్నేండ్లలో మొదటిసారి
ఒక మాట ఈ చివరికి మోసినాను.
బూ మిషారి చాయ్ గ్లాసు తిప్పుతా ఉన్నాడు, తిప్పుతా ఉన్నాడు.
"నీళ్లు ఎవరివైతే ఏం" అన్నాడు చివరికి,
నాతో కాదు.

నీలిపోతు శనివారం అసర్ దాటినాక వచ్చింది.
ఎగురుతా కాదు, పిట్టగోడ మీద నడుచుకుంటా.
తోకలో మూడు ఈకలు లేవు.
పలక మీద కాలు పెడితే గడియారం కీచుమంది,
ఎవరికీ పనికిరాని టైము.

బూ మిషారి కింద నిద్రలో ఉన్నాడు.
చెక్క తీసి
మెట్ల మీదకు తెచ్చి పెట్టి
దాని మీదే కూర్చున్నా.
రెడ్డెమ్మకు ఫోను కలిపినాను.
లోపల గురగుర మొదలైంది.
"ఏందా సద్దు?" అంది.
"వినుకో" అన్నా.
చీకటి పడేదాకా
చెక్క మీద నుంచి లేయలేదు.