నలభయ్యో పేజీ

హాలియా బస్టాండ్‌ల
దేవరకొండ బస్సు కోసం కూసున్న.
ఒళ్ళో లైబ్రరీ పుస్తకం. అందుల ఒక పిల్లి
పాల గిన్నె పక్కకు నూకి
హంతకుని జాడ తీస్తున్నది.

నలభయ్యో పేజీ అంచుకు
ఎవడో పెన్సిల్‌తోని రాసిండు:
"చంపింది కాంపౌండరే."
వాని చెయ్యి ఇరుగ!

అయినా ఇడువలేదు.
కాంపౌండర్ దగ్గినా అనుమానమే,
సూది ఉడకబెట్టినా అనుమానమే.
బస్సొచ్చింది. పోయింది గూడ.

ఆఖరికి పిల్లి
పోయి పోయి ఎక్కింది
పోస్టుమాస్టరమ్మ ఒళ్ళోకి.
ఆమె కొంగుముడిల తాళంచెవి!

ఓరి పెన్సిలోడా,
నువ్వు గూడ పిల్లివే.

ఎనక్కి తిప్పి, నలభయ్యో పేజీల
వాని రాత కింద
పెన్నుతోని రాసిన:
"నిజమే. కాంపౌండరే."